గిట్ నిల్వలో పాఠం, మార్పు, చరిత్ర: పాఠవిమర్శ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ రంగంలో పుట్టిన గిట్ అనే వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ ఇప్పుడు గ్రంథపాఠాల డిజిటలీకరణలోనూ, తెలుగు స్థానికీకరణలోనూ వాడుకలో ఉంది. ఫైళ్లలో జరిగిన మార్పులను ఇది వరుసగా దాచిపెడుతుందని చాలామంది నమ్ముతారు. ఈ వ్యాసం గిట్ అంతర్గత నిల్వను పరిశీలించి, అందులో మార్పు అనే వస్తువే లేదని చూపుతుంది. ఆ నిర్ణయం వల్ల పాఠపరిష్కర్తకు కలిగే లాభాన్నీ, తెలుగు పాఠం విషయంలో ఎదురయ్యే చిక్కులనూ చర్చిస్తుంది.

కీలకపదాలు: గిట్, బ్లాబ్, కమిట్, హ్యాష్, పాఠభేదం, సంశోధిత ముద్రణ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

ఒక గ్రంథానికి అనేక ప్రతులు ఉన్నప్పుడు వాటిని ఎలా దగ్గరపెట్టాలన్నది పాఠపరిష్కర్తలకు పాత సమస్య. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో చేపట్టిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ ఈ సమస్యకు ఒక తీరులో జవాబిచ్చింది: పైన నిర్ణీతపాఠం, కింద పాఠభేదాలు. చదువరి ఒక ప్రతిని ఆమూలాగ్రంగా చూడాలంటే పై పాఠాన్నీ కింది భేదాలనూ కలిపి మనసులో పునర్నిర్మించుకోవాలి. కాగితం పరిమితమైనది కాబట్టి ఈ పద్ధతి తప్పలేదు. కంప్యూటరు నిల్వకు ఆ పరిమితి చాలావరకు పోయింది. అయినా వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు తొలి మూడు దశాబ్దాలు దాదాపు అదే దారిలో నడిచాయి.

2005లో వచ్చిన గిట్ ఆ దారి విడిచిపెట్టింది. విడిచిపెట్టిన సంగతి మాత్రం దాన్ని రోజూ వాడేవారిలోనూ అందరికీ తెలియదు. తెర మీద కనిపించేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పాత పంక్తి, కొత్త పంక్తి. అందువల్ల లోపల దాగినవి కూడా అవే అనుకోవడం సహజం. ఒక కావ్యానికి డిజిటల్ ప్రతి తయారుచేసే పరిశోధకుడు ఈ ఊహతోనే గిట్‌ను ఎంచుకుంటే, ఏది భద్రంగా ఉందో, ఏది అసలు నమోదే కాలేదో తెలియని స్థితిలో పడతాడు. అచ్చుపుస్తకంలో అధోజ్ఞాపిక లేకపోతే లోటు వెంటనే కంటపడుతుంది. ఇక్కడ అలా కాదు. పరికరం అడిగినప్పుడల్లా ఏదో ఒక జవాబు చూపుతూనే ఉంటుంది.

2. మార్పునే దాచిన వ్యవస్థలు:

1972లో బెల్ ప్రయోగశాలల్లో మార్క్ రాచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్, ఒక ఫైలుకు చెందిన అన్ని దశల పంక్తులనూ ఒకే ఫైలులో పడుగుపేకల్లా కలిపి ఉంచేది. ప్రతి పంక్తి ఏ దశలో చేరిందో, ఏ దశలో పోయిందో చెప్పే గుర్తులు పక్కన ఉండేవి. 1982లో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్‌ను పరిచయం చేశారు. అందులో తాజా పాఠం పూర్తిగా ఉంటుంది. దానినుంచి వెనక్కి వెళ్లడానికి కావలసిన సవరణలు వరుసగా ఉంటాయి. తర్వాత విరివిగా వాడుకలోకి వచ్చిన సీవీఎస్ ఈ ఆర్‌సీఎస్ ఫైళ్ల మీదే నిలబడింది.

ఈ రెండింటిలోనూ నిల్వకు ప్రమాణం పంక్తి. నమోదు చేసేవేళ కంప్యూటరు రెండు పాఠాలను పోల్చి, ఏ పంక్తి పోయింది, ఏ పంక్తి వచ్చింది అన్న నిర్ణయం తీసుకొని, ఆ నిర్ణయాన్నే దాచేది. అంటే పోల్చిన పద్ధతిలో లోపం ఉంటే ఆ లోపం నిల్వలో శాశ్వతంగా మిగిలిపోతుంది. పరిష్కర్త పరిభాషలో చెప్పాలంటే, ప్రతులను భద్రపరచవలసిన చోట ప్రతుల మీద ఒకరు చేసిన వ్యాఖ్యానాన్ని భద్రపరచినట్టు అవుతుంది.

లినక్స్ కెర్నల్ అభివృద్ధికి 2002 నుంచి వాడిన బిట్‌కీపర్ అప్పట్లో వాణిజ్య సాఫ్ట్‌వేర్. దాని ఉచిత వినియోగానికి 2005 ఏప్రిల్‌లో తెరపడినప్పుడు లీనస్ టోర్వాల్డ్స్ సొంత పరికరాన్ని రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన మూలసంకేతాన్ని తానే దాచుకోగల స్థితికి వచ్చింది. జూన్‌లో విడుదలైన కెర్నల్ 2.6.12 దీనితోనే నిర్వహించబడింది. జూలైలో నిర్వహణ బాధ్యత జూనియో హమానో చేతికి వెళ్లింది. కొద్ది రోజుల్లో పుట్టిన వ్యవస్థ ఇంతకాలం మౌలికంగా మారకుండా నిలవడానికి దాని నిల్వనమూనా సరళతే ముఖ్యకారణం. ఆ సరళత పూర్తిగా కొత్తది కాదనీ గుర్తించాలి. విషయాన్నిబట్టే వస్తువుకు పేరుపెట్టే పద్ధతి 2002 నాటి వెంటి అనే నిల్వవ్యవస్థలోనూ, గ్రేడన్ హోర్ రూపొందించిన మోనోటోన్‌లోనూ అప్పటికే ఉంది.

3. నాలుగు రకాల వస్తువులు:

గిట్ నిల్వలో ఉండేవి నాలుగే రకాల వస్తువులు: బ్లాబ్, ట్రీ, కమిట్, ట్యాగ్. మిగిలినవన్నీ వీటికి పెట్టిన గుర్తులు లేదా వీటిని వెతకడానికి వాడే పట్టికలు.

బ్లాబ్ అంటే ఒక ఫైలులోని విషయం. ఫైలు పేరు, తేదీ, రాసినవారి వివరం ఇందులో ఏవీ ఉండవు. ‘తెలుగు’ అనే ఒక్క మాట ఉన్న ఫైలును ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో మూడు హల్లులు, మూడు అచ్చుగుర్తులు, మొత్తం ఆరు యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు కాబట్టి విషయం 18 బైట్లు. గిట్ దీనికి ముందు ఒక చిన్న శీర్షికను చేరుస్తుంది: బ్లాబ్ అనే నాలుగక్షరాల ఇంగ్లీషు మాట, ఒక ఖాళీ, 18 అనే సంఖ్య, ఒక శూన్యబైటు. శీర్షిక 8 బైట్లు, మొత్తం 26. ఈ 26 బైట్ల మీద ఎస్‌హెచ్‌ఏ-1 గణన చేస్తే 20 బైట్ల ఫలితం వస్తుంది. పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో రాస్తే అది 40 అంకెలు. ఆ 40 అంకెలే బ్లాబ్ పేరు. విషయాన్ని కుదించి, పేరులోని మొదటి రెండు అంకెలతో ఒక ఫోల్డరు, మిగిలిన 38 అంకెలతో ఒక ఫైలు చేసి గిట్ దాచుకుంటుంది. (చాలా ఎడిటర్లు ఫైలు చివర కంటికి కనబడని పంక్తివిరామాన్ని చేరుస్తాయి. అప్పుడు విషయం 19 బైట్లు. పేరు పూర్తిగా వేరు.)

హైదరాబాదులో ఒకరు, డల్లాస్‌లో మరొకరు ఒకరికొకరు తెలియకుండా ఇదే మాటను ఇదే బైట్లతో దాచినా పేరు ఒకటే వస్తుంది. పేరు ఎవరో ఇచ్చింది కాదు, విషయం నుంచి పుట్టింది. గ్రంథాలయాల్లో తాళపత్రప్రతికి వరుససంఖ్య ఇవ్వడానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడుంది. వరుససంఖ్య ప్రతి ఎక్కడుందో చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. రేపు అందులో ఒక ఆకు మారినా సంఖ్య మారదు.

ట్రీ అంటే ఒక ఫోల్డరు విషయసూచిక. ఒక్కో వరుసలో ఫైలు రకాన్ని తెలిపే సంఖ్య, ఫైలు పేరు, అది సూచించే బ్లాబ్ లేదా మరో ట్రీ పేరు ఉంటాయి. ఫైలు పేరు నివసించేది ఇక్కడే. కమిట్ అనేది ఒక చిన్న పత్రం: మొత్తం గ్రంథస్థితిని సూచించే ఒక ట్రీ పేరు, అంతకు ముందరి కమిట్ లేదా కమిట్ల పేర్లు, రచయిత, నమోదు చేసినవారు, వారి వారి సమయాలు, ఒక సందేశం. రచయితనూ నమోదు చేసినవారినీ విడివిడిగా రాయడానికి కెర్నల్ పనితీరు కారణం. ఒకరు ఈమెయిలులో పంపిన సవరణను మరొకరు చేర్చేవారు. కవినీ లేఖకుడినీ వేరుగా గుర్తించే గద్యలు, పుష్పికలు ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఈ విభజన కొత్తగా తోచదు. ట్యాగ్ ఒక కమిట్‌కు స్థిరమైన పేరు పెట్టి, కావాలంటే సంతకం చేసే వస్తువు. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఇవి కలిసి పనిచేసే తీరు లెక్కవేస్తే స్పష్టమవుతుంది. ఆంధ్రమహాభారతంలో 18 పర్వాలు, 63 ఆశ్వాసాలు. పర్వానికొక ఫోల్డరు, ఆశ్వాసానికొక ఫైలు చొప్పున పెట్టి మొదటి కమిట్ చేస్తే 63 బ్లాబులు, పర్వాలకు 18 ట్రీలు, అన్నిటికీ పైన ఒక ట్రీ, ఒక కమిట్, మొత్తం 83 వస్తువులు తయారవుతాయి. తర్వాత ఆదిపర్వం మూడో ఆశ్వాసంలో ఒక్క అరసున్న సవరించి మళ్లీ కమిట్ చేస్తే కొత్తగా పుట్టేవి నాలుగు: ఆ ఆశ్వాసానికి కొత్త బ్లాబ్, ఆదిపర్వానికి కొత్త ట్రీ, పైన కొత్త ట్రీ, కొత్త కమిట్. తక్కిన 62 బ్లాబులనూ 17 ట్రీలనూ రెండు కమిట్లూ పంచుకుంటాయి. రెండో కమిట్ కూడా మొత్తం 63 ఆశ్వాసాల సంపూర్ణ స్థితినే సూచిస్తుంది. అరసున్న మారిందని ఎక్కడా రాసిలేదు.

4. పొదుపు ఎక్కడ జరుగుతుంది:

ఒక్క అరసున్న కోసం మొత్తం ఆశ్వాసాన్ని మళ్లీ దాచడం దుబారా కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. గిట్ దీనికి వేరే అంతస్తులో జవాబిస్తుంది. విడి వస్తువులు పెరిగినప్పుడు, లేదా రిపాజిటరీని ఇంకొకరికి పంపేటప్పుడు, వాటిని ప్యాక్‌ఫైల్ అనే ఒకే ఫైలులోకి సర్దుతుంది. అక్కడ ఒకదానికొకటి దగ్గరగా ఉన్న వస్తువులను ఎంచి, ఒకదాన్ని పూర్తిగా, మరొకదాన్ని డెల్టాగా దాచుతుంది. డెల్టా అంటే ‘ఆధారవస్తువులో ఫలానా చోటునుంచి ఇన్ని బైట్లు తీసుకో, తర్వాత ఈ కొత్త బైట్లు చేర్చు’ అనే ఆదేశాల వరుస.

గిట్ ఎలాగూ తేడాలనే దాస్తుంది కదా అని వాదించేవారు ఈ డెల్టాలనే చూపుతారు. ఆ వాదం నిలవదు. డెల్టాకు ఆధారంగా ఎంచే వస్తువు చరిత్రలో ముందుదే కావాలన్న నియమం లేదు. వస్తువుల రకం, ఫైలు పేరు, పరిమాణం ప్రకారం వరుసపెట్టి, మామూలుగా పది వస్తువుల పరిధిలో ఏది ఎక్కువ పొదుపిస్తే దాన్ని తీసుకుంటుంది. పెద్దవాటిని ముందు పెడుతుంది. ఫైళ్లు కాలక్రమంలో పెరుగుతుంటాయి కాబట్టి సాధారణంగా కొత్త పాఠం పూర్తిగానూ పాతపాఠం డెల్టాగానూ ఉంటాయి. డెల్టా బైట్ల మీద పనిచేస్తుంది, పంక్తులను లెక్కచేయదు. తెలుగు అక్షరపు మూడు బైట్ల మధ్యలో కోత పడినా దానికి పట్టదు. తిరిగి కలిపినప్పుడు అసలు వస్తువు అదే పేరుతో, అవే బైట్లతో వస్తుంది. ఆదిపర్వంలోని బ్లాబ్ ఒకటి మరో పర్వంలోని బ్లాబ్‌కు ఆధారమైతే అందులో సాహిత్యచరిత్ర ఏమీ లేదు. అది బీరువాలో పుస్తకాలు ఇరికించే నేర్పు మాత్రమే.

అర్థానికీ పొదుపుకూ ఈ ఎడం పాటించడం గిట్ నిర్మాణంలోని ముఖ్యమైన గుణం. ఆర్‌సీఎస్‌లో పొదుపు చేసే పద్ధతే చరిత్రకు రూపం ఇచ్చింది. గిట్‌లో పొదుపు పద్ధతిని రేపు పూర్తిగా మార్చినా ఒక్క కమిట్ పేరు కూడా మారదు.

5. చదివేటప్పుడు పుట్టే మార్పు:

నిల్వలో మార్పు లేకపోతే తెర మీద కనిపించే తేడా ఎక్కడిది? అడిగిన క్షణాన రెండు ట్రీలను పోల్చి గిట్ దాన్ని లెక్కగడుతుంది. పేర్లు ఒకటే అయిన ఉపట్రీలను తెరవకుండానే వదిలేస్తుంది కాబట్టి ఈ పని వేగంగా సాగుతుంది. పేర్లు వేరైన బ్లాబుల దగ్గర మాత్రం విషయాన్ని తెరిచి, 1986లో యూజీన్ మయర్స్ ప్రకటించిన పద్ధతి ఆధారంగా పంక్తులను పోలుస్తుంది. వాడేవారు కోరితే వేరే పద్ధతులూ ఉన్నాయి. ఒకే జత పాఠాలకు ఒక్కో పద్ధతి ఒక్కో తేడాను చూపవచ్చు, అన్నీ సరైనవే.

ఫైలు పేరు మారడం దీనికి మంచి ఉదాహరణ. పేరు మార్చినట్టు గిట్ ఎక్కడా నమోదు చేయదు. పాత ట్రీలో ఉన్న ఒక పేరు కొత్త ట్రీలో లేదు, కొత్త పేరొకటి వచ్చింది, రెండిటి విషయమూ మామూలుగా సగానికి పైగా కలుస్తున్నది అనిపిస్తే పేరు మారిందని చెబుతుంది. ఆ హద్దును 50 శాతం నుంచి 80కి పెంచితే అదే చరిత్ర ఇంకో కథ చెప్పవచ్చు. ఇది తొలినాళ్లనుంచీ విమర్శకు గురైంది. పేరు మార్చిన వ్యక్తికి తన ఉద్దేశం తెలుసు, ఆ సంగతి రాసుకోకుండా తర్వాత ఊహించడమేమిటన్నది ఆక్షేపణ. టోర్వాల్డ్స్ 2005లోనే దీనికి బదులిచ్చారు: ఒక ఫైలులోని భాగం మరో ఫైలుకు తరలడం వంటి సూక్ష్మమైన కదలికల ముందు పేరు మార్పు చిన్న విషయం, పూర్తి స్థితులను దాచితే వాటిని కనిపెట్టే పరికరాలు తర్వాత ఎప్పుడైనా మెరుగుపడవచ్చు. పాఠవిమర్శ వైపునుంచి చూస్తే ఈ వాదనకే మొగ్గు. ప్రతిని ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకున్న పరిష్కర్త తీర్మానం తప్పినా, తర్వాతివారు ఆ ప్రతినుంచి మళ్లీ మొదలుపెట్టగలరు. భేదాలను మాత్రమే ఎత్తిరాసుకుంటే ఆ అవకాశం ఉండదు.

అయితే ఆక్షేపణలో నిజమూ ఉంది. ఒక పాఠాన్ని ఎందుకు మార్చారన్నది రెండు స్థితులను ఎంత పోల్చినా తేలదు. ఛందోభంగం వల్లనా, మరో ప్రతి ఆధారంగానా, టైపు పొరపాటు దిద్దుబాటా? గిట్‌లో దానికున్న చోటు ప్రధానంగా కమిట్ సందేశమే. అది కూడా మొత్తం కమిట్‌కు ఒకటి. ఒకే కమిట్‌లో నలభై సవరణలు చేసి ‘దిద్దుబాట్లు’ అని రాస్తే నలభై నిర్ణయాల హేతువులు పోయినట్టే. ప్రతి పాఠభేదం కింద సాక్ష్యాన్ని విడిగా చూపే సంశోధిత ముద్రణ స్థాయికి ఇది చేరదు. గిట్‌ను తప్పుపట్టవలసిన చోటు ఇదే. ఎక్కువ స్థలం తింటుందన్న ఫిర్యాదు దీనిముందు నిలిచేది కాదు.

6. బైటు దృష్టిలో తెలుగు:

పేరు విషయం నుంచి పుడుతుందన్నప్పుడు ‘విషయం’ అంటే బైట్లే. మనిషి కంటికి ఒకటే అయిన రెండు తెలుగు పాఠాలు బైట్లలో వేరు కావడానికి అవకాశాలు ఎక్కువ. ‘కై’ అనే అక్షరాన్ని రెండు విధాల రాయవచ్చు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాస్తే అక్షరం మొత్తం ఆరు బైట్లు. ఎత్వం రాసి దానికింద ఐత్వపు గుర్తును విడిగా చేరిస్తే తొమ్మిది. యూనికోడ్ ప్రమాణం ఈ రెండిటినీ సమానమైనవిగా ప్రకటించింది. తెర మీద తేడా ఉండదు. గిట్‌కు మాత్రం ఇవి వేరువేరు బ్లాబులు. ఇంగ్లీషు మాటలను తెలుగులో రాసేటప్పుడు పొల్లు తర్వాత ఒత్తు పడకుండా పెట్టే కనబడని విడదీతగుర్తు మాట చివర అనవసరంగా మిగిలిపోయినా ఇదే పరిస్థితి.

వాల్టర్ గ్రెగ్ 1950 ప్రాంతంలో ఆంగ్ల పాఠవిమర్శలో అర్థగతభేదాలనూ, వర్ణక్రమం, విరామచిహ్నాల వంటి రూపగతభేదాలనూ వేరుచేసి చూపారు. తెలుగులో ఈ విభజన ఇంకా కష్టం. బండి ఱకు బదులు సాధు రేఫ రాయడం ఒక ప్రతిలో కేవలం వర్ణక్రమం కావచ్చు, మరోచోట ప్రాసను తేల్చే కీలకం కావచ్చు. గిట్ ముందు ఱ-ర భేదమూ, ఐత్వపు రెండు రాతల భేదమూ ఒకే బరువు. మొదటిది పరిష్కర్త ప్రాణంతో కాపాడవలసింది, రెండోది మొదటే తుడిచేయవలసింది.

దీనికి గిట్‌లో రెండు రకాల ఏర్పాట్లున్నాయి. వాటి మధ్య తేడా తెలియకపోతే నష్టం. ఫైలు నిల్వలోకి వెళ్లేముందు దాన్ని శుద్ధిచేసే వడపోతను ఏర్పరచుకోవచ్చు. అప్పుడు బ్లాబ్‌లో చేరేదే మారుతుంది. తేడా చూపేటప్పుడు మాత్రమే పాఠాన్ని మార్చి చూపే ఏర్పాటు ఇంకొకటి. దానివల్ల నిల్వ చెక్కుచెదరదు. యూనికోడ్ రూపాలను ఏకం చేయడానికి మొదటిది తగును. అరసున్నలను, శకటరేఫలను పక్కనపెట్టి పోల్చాలనుకుంటే రెండోదే వాడాలి. ఇవి తారుమారైతే తాళపత్రంలోని అరసున్న నిల్వకు చేరకముందే చెరిగిపోతుంది, దాన్ని ఏ పాత కమిట్ నుంచీ తిరిగి తెచ్చుకోలేరు.

పంక్తి సంగతి వేరు. వచనాన్ని పేరాకు ఒకే పంక్తిగా టైపు చేసే అలవాటువల్ల, ఒక్క అక్షరం మార్చినా గిట్ పేరా మొత్తాన్నీ పోయినట్టు, మళ్లీ వచ్చినట్టు చూపుతుంది. ఈ లోపం నిల్వది కాదు, చూపించే పరికరానిది. మాటల వారీగా పోల్చమని ఆదేశిస్తే పాత కమిట్లకు కూడా అప్పటికప్పుడు వేరే తేడా వస్తుంది. పద్యానికి పాదమొక పంక్తి కాబట్టి మొదటి పద్ధతే చాలావరకు సరిపోతుంది. మాటల వారీ పోలికకే అక్కడ ఇబ్బంది. అది ఖాళీలను, పంక్తివిరామాలను బట్టి మాటను గుర్తిస్తుంది. తెలుగు వృత్తాల్లో పదం పాదాంతంలో విరిగి తర్వాతి పాదంలోకి నడుస్తుంది, సంధి వల్ల నాలుగైదు పదాలు ఒకటిగా అతుక్కుంటాయి. పరికరం ‘మాట’ అన్నది వ్యాకర్త దృష్టిలో మాట కాదు.

స్థానికీకరణ చేసేవారికి ఈ అనుభవం మరో రూపంలో ఉంటుంది. గ్నోమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల తెలుగు అనువాదాలు పీఓ ఫైళ్లుగా గిట్‌లో ఉన్నాయి. ఆ ఫైళ్లలో ప్రతి వాక్యానికీ అది మూలసంకేతంలో ఎన్నో పంక్తిలో ఉందో చెప్పే సూచిక ఉండడం పరిపాటి. ఇంగ్లీషు మూలంలో పైన పది పంక్తులు చేరితే తెలుగులో ఒక్క అక్షరం మారకపోయినా కిందున్న ఆ సూచికలన్నీ మారతాయి. ఒక అనువాద పదం ఎప్పుడు, ఎవరి చేతిలో మారిందో వెతికే పరిశోధకుడికి అసలు సవరణ ఆ రొదలో మునిగిపోతుంది. ఫైళ్లకు తెలుగులో పేరుపెట్టినవారికి ఇంకో వింత ఎదురవుతుంది. ప్రత్యేకంగా అమరిక మార్చకపోతే గిట్ ‘త’ అక్షరాన్ని \340\260\244 అని, బైటుకొక సంఖ్య చొప్పున చూపుతుంది. నిల్వలో పేరు సరిగానే ఉంది, చూపడంలోనే ఈ పరాయితనం. 2005 నాటి అమరికను ఇప్పటికీ మొదటి ఎంపికగా ఉంచడం మాత్రం సమర్థనీయం కాదు.

7. వంశవృక్షమూ కమిట్ల వరుసా:

ఒక కావ్యపు వ్రాతప్రతులను గిట్‌లో పెట్టబోయే పరిశోధకుడికి ముందుగా తోచే ఆలోచన, ప్రాచీనప్రతిని మొదటి కమిట్‌గా, తర్వాతి ప్రతిని దానిమీద రెండో కమిట్‌గా, భిన్నశాఖలను బ్రాంచులుగా పెట్టడం. రెండు ప్రతుల పాఠాలు కలిసిన సంకరప్రతికి రెండు పూర్వికులున్న కమిట్ సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. పోలిక ఆకర్షణీయమే, కానీ ఇది పొరపాటు దారి.

కమిట్‌లో రాసిన పూర్వికసంబంధం చూసి చెప్పినది. పని చేస్తున్న వ్యక్తి ఏ స్థితిపైనుంచి తర్వాతి స్థితికి వెళ్లాడో పరికరం అక్కడికక్కడే నమోదు చేస్తుంది. ప్రతుల వంశవృక్షం అనుమానప్రమాణంతో కట్టినది. ఉమ్మడి లేఖకప్రమాదాలను బట్టి ఈ ప్రతి ఆ ప్రతికి సంతానం కావచ్చునని పరిష్కర్త తీర్మానిస్తాడు. మధ్య ప్రతులు చాలావరకు నశించి ఉంటాయి. ఈ తీర్మానాన్ని కమిట్ల వరుసగా పెడితే ఊహ కాస్తా నిల్వ తాలూకు సత్యంగా మారుతుంది. రేపు కొత్త ప్రతి ఒకటి దొరికి వంశవృక్షాన్ని సవరించవలసి వస్తే, ప్రతి కమిట్ పేరులోనూ దాని పూర్వికుల పేర్లు ఇమిడి ఉన్నందువల్ల, ఆ చోటునుంచి కిందున్న కమిట్ల పేర్లన్నీ మారిపోతాయి.

ప్రతికొక ఫోల్డరు చొప్పున అన్ని ప్రతులనూ ఒకే ట్రీలో పక్కపక్కన ఉంచి, వంశవృక్షాన్ని మరో ఫైలులో రాసుకోవడమే గిట్ స్వభావానికి తగిన పద్ధతి. అప్పుడు కమిట్ల వరుస పరిష్కర్త చేసిన పని చరిత్రగా మిగులుతుంది. నన్నయ ఆపినచోటు, ఎఱ్ఱన అందుకున్నచోటు ఒకే ఆశ్వాసంలో, అంటే ఒకే బ్లాబ్‌లో ఉంటాయి. ఇద్దరి పేర్లూ పాఠానికి చెందిన సమాచారం. కమిట్‌లోని రచయిత గడికి వాటితో పనిలేదు. ఆ గడిలో ఉండవలసినది దాన్ని టైపుచేసి సరిచూసినవారి పేరు. ఆ పేరును కూడా గిట్ తనిఖీ చేయదు. అమరికలో ఎవరి పేరు రాస్తే అదే పడుతుంది. సంతకం చేసిన కమిట్ అయితే తప్ప అది సాక్ష్యంగా చెల్లదు.

8. చెరగడం, ఉదహరించడం:

గిట్‌లో పెట్టినది ఎన్నటికీ పోదని ఒక నమ్మకం ఉంది. బ్రాంచ్ అనేది ఒక కమిట్ పేరు రాసిన చిన్న ఫైలు మాత్రమే; 40 అంకెలు, ఒక పంక్తివిరామం, మొత్తం 41 బైట్లు. దాన్ని తొలగిస్తే దానినుంచి మాత్రమే అందే కమిట్లు అనాథలవుతాయి. చరిత్రను తిరగరాసినప్పుడు కూడా పాత కమిట్లు మారవు. కొత్తవి పుడతాయి, పాతవి అందుబాటు కోల్పోతాయి. అలా అందుబాటు పోయినవాటి జాడను ఆ కంప్యూటరులోని దినచర్య మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. ఆ జాడ పోయాక, రెండు వారాలు దాటిన అనాథ వస్తువులను శుభ్రపరిచే ప్రక్రియ తొలగిస్తుంది. ఈ దినచర్య మరొకరికి ఇచ్చిన నకలుతో పాటు వెళ్లదు. అంటే సిద్ధాంతవ్యాసం సమర్పించేముందు చరిత్రను ‘చక్కబెట్టిన’ రిపాజిటరీని పరీక్షకుడు నకలు తీసుకుంటే, చెరిపిన దశల ఆనవాలు అతనికి దొరకదు.

మరోవైపు, కమిట్ పేరు బయట ఎక్కడైనా నమోదైతే ఆ చక్కబెట్టడం దాగదు. కమిట్ పేరులో ట్రీ పేరు, ట్రీలో బ్లాబుల పేర్లు, కమిట్‌లోనే పూర్వికుల పేర్లు ఉన్నాయి కాబట్టి, 40 అంకెలను ఒక వ్యాసంలో ఉదహరిస్తే గ్రంథపు ప్రతి బైటునూ, దాని వెనకటి నమోదిత చరిత్రనంతటినీ స్థిరపరచినట్టే. వెబ్ చిరునామా ఇచ్చి ‘ఫలానా తేదీన చూసినది’ అని రాసేదానికంటే ఇది ఎంతో బలమైన ఆధారం. ఆధారం ఉన్నంత మాత్రాన ప్రతి ఉన్నట్టు కాదు. దాన్ని ఎవరో ఒకరు భద్రపరచాలి. ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ చొరవతో 2016లో వెలుగులోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారం గిట్‌తో పొసగే ఇలాంటి పేర్లతోనే మూలసంకేతాలను దాస్తున్నది.

ఆ బలానికి పునాది హ్యాష్ గణన. 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 ఫలితం ఇచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లను తయారుచేసి చూపారు. గిట్ అదే ఏడాది అటువంటి దాడిని పసిగట్టే గణనకు మారింది. 2020 అక్టోబరు నాటి 2.29 విడుదలలో 64 అంకెల పేర్లనిచ్చే ఎస్‌హెచ్‌ఏ-256ను ప్రయోగాత్మకంగా చేర్చింది. ఒక రిపాజిటరీని కొత్త గణనకు మార్చినప్పుడు అందులో ఒక్క అక్షరం మారకపోయినా ప్రతి బ్లాబ్‌కూ, ట్రీకీ, కమిట్‌కూ పేరు మారుతుంది. కాబట్టి ఇప్పటికే 40 అంకెల పేరుతో ఒక తెలుగు పాఠాన్ని ఉదహరించిన వ్యాసాల కోసం, పాత పేరుకూ కొత్త పేరుకూ లంకె చూపే పట్టికను ఆ పాఠంతో పాటే ప్రచురించవలసి ఉంటుంది.